కరువు కాలములో క్లౌ దొరగారు

మన అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాసి ఇవ్వమని సంపాదక వర్గము వారు కోరినప్పుడు, మన సంఘ పితరులలో ఒకరిని గూర్చి వ్రాస్తానని మాట ఇచ్చాను. తీరా కూర్చున్న తరువాత నా కలము పొరుగు సంఘము వారి మిషనరీ వైపు నడిచింది. జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు అమెరికన్ బాప్తిస్టు. మనవలె పసిబిడ్డలకు బాప్తిస్మము ఇచ్చే ఆచారము ఆయనకు సమ్మతము కాదు. అయినా మార్కాపురం, కంభం వైపు ఏ పల్లెకు పోయినా, తమ ముత్తాత ఆ దొరగారి కాలములోనే ప్రభువును నమ్ముకొన్నాడని చెప్పే పెద్దలు కనబడతారు. పెండ్లి సంబంధాల వలన వారి సంతతి మన సంఘాలలోనూ ఉన్నది. కనుక పాఠకులు నన్ను మన్నిస్తారని తలుస్తాను.

ఈ విషయము ఎన్నుకోవడానికి మరొక కారణము ఉన్నది. నేను వేదాంత కళాశాల చదువు ముగించుకొని వచ్చిన క్రొత్తలో, ఒకనాడు గిద్దలూరు నుండి మార్కాపురం బస్సులో వస్తున్నాను. ప్రక్కన కూర్చున్న చదువుకొన్న పెద్దమనిషి నా వృత్తి తెలుసుకొని, ఏ ద్వేషమూ లేకుండానే నవ్వుతూ, మీ పూర్వులు ధాత కరువులో గంజి కోసము కలిసినవారే గదా అన్నారు. రోమా పత్రికలో మంచి మార్కులు తెచ్చుకొన్న నాకు ఆయనకు చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. విశ్వాసము వలననే రక్షణ అని పౌలు భక్తుడు, క్రియలు లేని విశ్వాసము మృతమని యాకోబు భక్తుడు చెప్పినవాటిని తరగతి గదిలో ఎన్నో గంటలు చర్చించాము. కాని కడుపు కాలేవాడు వచ్చి సంఘ ద్వారము దగ్గర నిలబడితే ఆ రెండు మాటలలో ఏది ముందు చెప్పాలో అక్కడ ఎవరూ నేర్పలేదు. క్లౌ దొరగారికి ఆ పరీక్ష 1877లో వచ్చింది.

ఆయన 1836 జూలై 16న న్యూయార్క్ రాష్ట్రములో, ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దాపున రైతు కుటుంబములో జన్మించాడు. తల్లిదండ్రులు పడమటికి, ఇలినాయ్‌కు, అక్కడ నుండి అయోవాకు వలస పోయారు. పదిహేడు పద్దెనిమిదేండ్ల వయస్సులో మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల సర్వే పనిలో చేరి, గొలుసు పట్టుకొనే కుర్రవాడుగా మొదలుపెట్టి సర్వేయరు దాకా ఎదిగాడు. అడవులలో, చిత్తడి నేలలలో మైళ్ళకు మైళ్ళు కొలిచిన ఆ అనుభవము తరువాత ఒంగోలు సముద్రతీరములో ఎందుకు పనికి వచ్చిందో ముందు చూస్తారు.

లాయరు కావాలని బర్లింగ్టన్‌లో కళాశాలలో చేరినప్పుడు ఆయనకు భక్తి అంటే గిట్టేది కాదు. గదిలో తోడి విద్యార్థి ప్రార్థన చేసుకొంటానంటే, గది మధ్య సుద్దముక్కతో గీత గీసి, నీ భాగములో నీవు ఏమైనా చేసుకో, ఈ గీత దాటవద్దన్నాడని ఆయన జీవిత కథలో ఒక ముచ్చట ఉన్నది. కొన్నాళ్ళకు ఆ గీతకు ఇవతల కూడా మోకాళ్ళు వంగాయి. 1858లో బాప్తిస్మము పొందాడు. తాను చేసిన ఏ పుణ్యమునకూ అది ఫలము కాదని ఆయనకు బాగా తెలుసు. కృప అంటే ఏమిటో ఆ గదిలోనే నేర్చుకొన్నాడని నా అభిప్రాయము.

1864 నవంబరులో భార్య హారియెట్‌తో బోస్టనులో చిన్న ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగాడు. వెంట వచ్చినవాడు నెల్లూరు మిషనరీ లైమన్ జువెట్. ఆ తెలుగు మిషనును మూసివేయాలని అమెరికాలో ఒకటికి రెండు మార్లు ఆలోచించారు. అంత కొద్దిమందే నమ్మారు. 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఏర్పడేటప్పటికి సభ్యులు ఎనిమిదిమంది.

ఇక్కడ యర్రగుంట్ల పేరయ్యగారిని తలచుకొనక ముందుకు పోకూడదు. ఈయన కనిగిరి వైపు తాళ్లకొండపాడు గ్రామస్థుడు, మాదిగ కులమువాడు, తోళ్ళ వర్తకము చేసేవాడు. దేవుని వెదకుతూ గురువుల వెంట తిరిగి, రాజయోగ మార్గములో ఏండ్ల తరబడి సాధన చేశాడు. వర్తకము పని మీద ఏలూరు వైపు పోయినప్పుడు సువార్త విన్నాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మము పొందారు. క్రియల మార్గము ఎంత దూరము తీసుకొనిపోతుందో పేరయ్యగారికి పుస్తకములో చదివి తెలుసుకొనే అవసరము లేదు, నడిచి చూచినవాడు. 1867 జనవరిలో దొరగారు తాళ్లకొండపాడు పోయి చింతతోపులో బస చేయగా, పేరయ్యగారు సిద్ధపరచిన 28 మంది బాప్తిస్మము పొందారు.

అప్పుడు ఒక చిక్కు వచ్చింది. అంతవరకు దొరగారి బోధ వినడానికి ఇష్టపడుతూ వచ్చిన అగ్రవర్ణముల పెద్దలు, మాదిగలను చేర్చుకొంటే తాము రామని తెగేసి చెప్పారు. ఆ రాత్రి దొరగారు ఒక గదిలో, హారియెట్ అమ్మగారు మరొక గదిలో ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరవగా, ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములో లోకములో బలహీనులైనవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే కనబడిందట. ఈ కథను మన ప్రసంగీకులు తరచు అద్భుతముగా చెబుతారు. నాకు అద్భుతముకంటె ఆ నిర్ణయపు ఖరీదు ఎక్కువగా తోస్తుంది. పలుకుబడి, పాఠశాలకు పిల్లలు, ఊరిలో మర్యాద, అన్నీ ఒక ప్రక్క. ఏ యోగ్యతా లేనివారని లోకము అన్నవారు మరొక ప్రక్క. యోగ్యత చూచి దేవుడు రక్షించడని నమ్మినవాడు మరొక విధముగా ఎన్నుకోలేడు.

నమ్మినవారి ఎదుట ఆయన మూడు నియమాలు పెట్టాడు. ఆదివారము పని మానడము, చచ్చిన పశువుల మాంసము తినకపోవడము, విగ్రహపూజ విడవడము. ఈనాడు వినడానికి ఇవి చిన్నవిగా తోచవచ్చు. కాని ఆ రోజులలో పల్లెలో మాదిగవాడు రైతుకు చెప్పులు, మోట బొక్కెనలు, పగ్గాలు సమకూర్చాలి, పిలిచినప్పుడు చాకిరికి పోవాలి, జాతరకు డప్పు కొట్టాలి. చచ్చిన పశువు ఆ చాకిరీలో అతనికి వచ్చే హక్కు. కోతల కాలములో ఆదివారము పని లేదంటే రైతు ఊరుకొనడు. జాతరలో డప్పు మ్రోగకపోతే ఊరంతా కదులుతుంది. కొన్ని ఊళ్ళలో క్రైస్తవులను కొట్టారు, నీళ్ళు తోడుకోనివ్వలేదు, పనులలో నుండి తీసివేశారు. దొరగారు అధికారులకు అర్జీలు పెట్టి వారి తరఫున నిలిచాడు. ఈ మూడు క్రియలను చేసి రక్షణ సంపాదించుకొనండని ఆయన చెప్పలేదు. రక్షణ పొందినవాడు వీటి దగ్గర తెలిసిపోతాడని చెప్పాడు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయమునకు ఇంతకంటె తేటయైన వ్యాఖ్యానము నేను కళాశాల గ్రంథాలయములో చూడలేదు.

1876లో వానలు తప్పాయి. మరుసటి ఏడు కూడా తప్పాయి. మద్రాసు రాజధానిని కరువు కమ్ముకొన్నది. కంభం, మార్కాపురం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 1871లో 9,14,432గా ఉన్న ఆ జిల్లా జనాభా 1881 నాటికి 6,78,551కి పడిపోయింది. నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట. చనిపోయినవారెందరో, దేశము పట్టుకొని పోయినవారెందరో పల్లె పల్లెకు లెక్క కట్టినవారు లేరు. మన ప్రాంతములో ముసలివారు ఆ కరువును ధాత కరువని పిలిచేవారు. ధాత నామ సంవత్సరము అటువంటిది.

సముద్రతీరము వెంట కాలువ త్రవ్వించే పనిని ప్రభుత్వము కరువు పనిగా చేపట్టింది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరనే దానిని బకింగ్‌హామ్ కాలువ అంటున్నాము. క్లౌ దొరగారు మూడున్నర మైళ్ళ భాగమును కాంట్రాక్టు తీసుకొన్నాడు. సర్వేయరు గనుక మట్టి కొలతలు, గుంటల లెక్కలు ఆయనకు క్రొత్త కావు. రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెల శిబిరము వెలిసింది. వేలమంది వచ్చారు. అందులో పార పట్టడము ఎరుగని చర్మకారులు, ఎముకల గూళ్ళయినవారు, పసిబిడ్డల తల్లులు ఉన్నారు. వచ్చి పని దొరికే లోపలే రాలిపోయినవారూ ఉన్నారు. ఇతర పనులలో మేస్త్రీలు కూలి కాజేస్తున్నారని మొరలు వినబడుతున్న కాలమది. దొరగారు తన బోధకులనే మేస్త్రీలుగా నియమించి, ఒక్కొక్కరికి కొంతమందిని అప్పగించి, కూలి చేతికి అందేటట్టు చూచాడు.

పగలు ఆ బోధకులు తట్టలు లెక్కపెట్టేవారు. పని విరామములో, సాయంకాలము మంటల దగ్గర, ఆదివారము చెట్ల క్రింద వాక్యము చెప్పేవారు. ప్రయాసపడినవారిని, బరువులు మోసేవారిని విశ్రాంతికి పిలిచే మత్తయి 11వ అధ్యాయపు ప్రభువు పిలుపును వారు మరల మరల బోధించారు. తల మీద మట్టితట్ట ఉన్నవానికి ఆ మాట అర్థము చేయడానికి గ్రీకు భాష ఎందుకు? ఆ వేలమంది తమ ఊళ్ళలో ఎన్నడూ వినని సంగతి ఆరు నెలలపాటు విన్నారు. చెప్పేవాడు తమతోపాటు దుమ్ములో నిలబడి, తమ కూలిలో పైసా ముట్టని మనిషి.

సరిగా ఈ సమయములోనే దొరగారు మన బస్సులోని పెద్దమనిషికి జవాబు కాదగిన పని చేశాడు. బాప్తిస్మము అడుగుతూ జనము గుంపులుగా వస్తుండగా, ఇవ్వనన్నాడు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, పదిహేను నెలలు, ఒక్కరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. అన్నము క్రైస్తవునికీ, కానివానికీ ఒకటే. తన చేతిలో కూలి డబ్బు, సహాయ నిధి ఉన్నంతకాలము, వచ్చినవాని హృదయములో ఏమున్నదో తనకు తెలియదని, వచ్చినవానికి కూడా తెలియకపోవచ్చునని ఆయన ఎరుగును. ఒక మిషనరీకి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. సంఖ్యలు చూచి సంతోషించే సంఘము అమెరికాలో ఉన్నది. ఎదుట చేతులు జోడించి నిలబడినవారు ఉన్నారు. వారిలో కొందరు మరల కనబడరు కూడా.

ఈ విషయములో ఆయన తప్పు చేశాడని వాదించవచ్చు. నిజమైన విశ్వాసముతో అడిగి, బాప్తిస్మము లేకుండానే కరువులో కన్నుమూసినవారు లేకపోలేదు గదా అని ఒక సంఘ పెద్ద నన్ను అడిగాడు. అది నన్ను చాలకాలము బాధించింది. బాప్తిస్మము నీటిలో ఉన్నదని గాక విశ్వసించినవాని యెడల దేవుడు చూపే కృపలో ఉన్నదని నమ్మినవాడు గనుకనే క్లౌ దొరగారు ఆ ధైర్యము చేయగలిగాడని నేను జవాబు చెప్పాను. పెద్ద తల ఊపాడు గాని పూర్తిగా ఒప్పుకొన్నట్టు తోచలేదు.

1878లో వానలు కురిశాయి. సహాయము ముగియవచ్చింది. ఒంగోలుకు ఉత్తరముగా సుమారు పది మైళ్ళలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మని దొరగారు క్రైస్తవులకు కబురు పంపాడు. క్రైస్తవులతోపాటు కానివారు వేలకొలది వచ్చారు. ఆయన ఎత్తయిన చోట నిలబడి, ఇక డబ్బు లేదని, ఇండ్లకు మరలి పొమ్మని చెప్పాడు. వారు కదలలేదు. తమకు డబ్బు వద్దన్నారు. కాలువలో త్రవ్వి మోసి బ్రతికామనడానికి తమ చేతుల కాయలే సాక్ష్యమన్నారు. మరల కరువు వస్తే చస్తామని, అయినా క్రీస్తువారమై చస్తామని అన్నారు. దొరగారు మరొక మారు ఆలోచించి, బోధకులను ఊరూరి వారిగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని విచారించి పేర్లు వ్రాయించాడు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి వంతున నీళ్ళలో దిగారు. దొరగారు ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూచాడే గాని తాను ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతానికి క్రొత్తగా చేరినవారు 9,606 మంది. ఒంగోలు సంఘము పన్నెండు వేలు దాటింది.

వార్త లోకమంతా ప్రాకింది. మెచ్చుకొన్నవారితోపాటు, ఇంతమందిని ఇంత త్వరగా చేర్చుకోవడము ఏమిటని, ఇదంతా కరువు ఫలమని తప్పు పట్టినవారు మిషనరీలలోనే ఉన్నారు. వారి మాటలో కొంత నిజము ఉన్నది. అన్ని వేలమందికి బోధించడానికి చాలినంతమంది లేరు. రామాయపట్నం వేదాంత పాఠశాలలో శిక్షణ పొందినవారు కొందరే. ప్రభువు ప్రార్థన కూడా రాకుండా ఏండ్లు గడిపిన పల్లెలు ఉండి ఉంటాయి. సంఘ కాపరిగా ఆ బరువు ఎటువంటిదో నాకు తెలుసును. నా వంటివానికి పన్నెండు పల్లెలే ఎక్కువ. కాని కరువు ఫలమే అయితే, అన్నము ఆగిన తరువాత మనుష్యులు చెదరిపోవాలి. వారు చెదరలేదు. తరువాత నాలుగేండ్లకు ఒంగోలు సంఘ సభ్యులు ఇరవై వేలు దాటారు. 1890 డిసెంబరు 28న, కాలువ పని జ్ఞాపకముగా మిగిలిన కాలములో, ఒంగోలులో ఒక్కదినమే 1,671 మంది బాప్తిస్మము పొందారు. డప్పు వదలినవారు, చచ్చిన పశువును ముట్టనివారు, దెబ్బలు తిన్నవారు వీరే. గంజి కోసము వచ్చినవాడు గంజి పోయిన తరువాత దెబ్బలు తినడు.

కాని నేను ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. కాలువ లేకపోతే ఆ వేలమంది నమ్మేవారా? బహుశా ఇంతమంది నమ్మేవారు కారు. అయితే అందులో సిగ్గు పడవలసినది ఏమీ నాకు కనబడదు. వారు తమ క్రియల చేత రక్షణ కొనుక్కోలేదు. వేరొకరి క్రియలను చూచి, ఆ క్రియలు చేయించిన దేవుని నమ్మారు. ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమును గూర్చి పౌలు గలతీయులకు వ్రాసినది (5:6) మనము పత్రికలో చదువుతాము. వారు రాజుపాలెం శిబిరములో చూచారు. క్రియలు చూపించు అని యాకోబు అడిగినది నమ్మినవారిని గదా. ఆ ప్రశ్నకు మొదట జవాబు చెప్పవలసినవాడు దొర, తరువాత బోధకులు, ఆ మీదట కూలివాడు.

ఆ తరువాతి సంగతులు త్వరగా ముగిస్తాను. ఒంగోలు క్షేత్రము ఒకరి చేత కాని పని అయింది గనుక భాగాలు చేశారు. 1882లో కంభం, 1895లో మార్కాపురం ప్రత్యేక మిషను కేంద్రాలయ్యాయి. గిద్దలూరు, కలసపాడు, ముత్యాలపాడు వైపు మన ఎస్.పి.జి. మిషనరీలు అదే కరువును, అదే ప్రశ్నను ఎదుర్కొన్నారు, ఆ కథ ఈ సంచికలో మరొకరు వ్రాస్తే బాగుండును. హారియెట్ అమ్మగారు 1893లో మరణించారు. మరుసటి ఏడు దొరగారు ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారిని వివాహమాడాడు. సువార్త సమాజము యొక్క అన్యాయమును కూడా తాకాలని అమెరికాలో వాదించి పేరు పొందిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు. క్లౌ దొరగారు 1910 నవంబరులో రోచెస్టరులో కన్నుమూశాడు. ఆయన చెప్పగా ఎమ్మా అమ్మగారు వ్రాసిన జీవిత కథ 1914లో వెలువడింది. దానికి ఆమె తూర్పు దేశములో సామాజిక క్రైస్తవ్యము అనే అర్థము వచ్చే పేరు పెట్టింది. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి వెలసింది.

నా సంగతి ఒకటి చెప్పి విరమిస్తాను. కొన్నేండ్ల క్రిందట మా వైపు వానలు లేని సంవత్సరము ఒక సహాయ సంస్థ పంపిన బియ్యము, పప్పు పంచే పని నా మీద పడింది. పేర్లు వ్రాయడానికి నేను సంఘ రిజిస్టరు తెరచి, ఆదివారము క్రమముగా వచ్చేవారిని మొదట వ్రాశాను. అది సులువు, లెక్క సరిగా ఉంటుంది. మూడవ నాడు మా గుడికి ఎన్నడూ రాని ఒక అవ్వ మనుమడిని వెంటబెట్టుకొని వచ్చి, పిల్లవానికి ఎప్పుడు బాప్తిస్మము ఇస్తారయ్యగారూ అని అడిగింది. ఎందుకని అడిగితే, పుస్తకములో పేరు ఎక్కాలి గదా అన్నది. ఆమె ముఖములో మోసము ఏమీ లేదు. మోసమంతా నా పుస్తకములో ఉన్నది. ఆ రాత్రి జాబితా చింపివేసి, మరునాడు ఇద్దరు సంఘ పెద్దలను, ఊరిలో గుడికి రాని ఇద్దరు పెద్దలను పిలిచి, ఇండ్ల వరుసన మరల వ్రాయించాను. అవ్వకు బియ్యము అందింది. బాప్తిస్మము మాట తరువాత మాట్లాడుదామని చెప్పాను. కొంతమంది సభ్యులు నా మీద కోపగించుకొని రెండు నెలలు కానుక వేయలేదు.

ఆ తరువాత ఒకసారి ఒంగోలు పని మీద పోయి, వెల్లంపల్లి దగ్గర దిగి గుండ్లకమ్మ ఒడ్డుకు నడిచాను. మన నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి అక్కడిదాకా పోయే నీరు అది. ఏటిలో ఇసుక ఎక్కువ, నీరు తక్కువ. ఒక ప్రక్క ఎవరో గేదెలను కడుగుతున్నారు. కాసేపు నిలబడి, బస్సు వేళ అయితే తిరిగి వచ్చాను. ఆ అవ్వ మరుసటి సంవత్సరము వానలు పడిన తరువాత మనుమడిని తీసుకొని గుడికి వచ్చింది. అప్పుడు పంచడానికి నా దగ్గర ఏమీ లేదు.